బతికున్న మనిషికి తెచ్చిన హారం

మేము హారం పట్టుకొని బంగారుపేట బజారులో ఆటో దిగేసరికి, చనిపోయాడన్న మనిషి అంగడి మెట్ల మీద కూర్చొని తక్కెడ పళ్లేలకు చింతపండు రుద్దుతున్నాడు.

లుంగీ మోకాళ్ల పైకి మడిచి కట్టుకున్నాడు. మోచేతుల దాకా చింతపండు రసం కారుతోంది. అంగడంతా కడుగుతున్నారు. బియ్యం మూటలు, రాగుల మూటలు ఎత్తి అరుగు మీద పేర్చారు. నా పక్కన పాప అమ్మమ్మ నిలబడి ఉంది. రెండు చేతులా పట్టుకున్నా నేలకు జీరాడేంత చేమంతుల హారం ఆమె దగ్గరుంది. ఆమె వెనక, కొంగు పట్టుకొని పాప.

ఆయన తలెత్తి మమ్మల్ని చూశాడు. హారాన్ని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"ఏం పేపరప్పా, ఆయుధపూజ రేపు గదా? ఇప్పుడే ఎవురికప్పా అంత పెద్ద హారం?"

ఉద్యోగమంతా విలేకరిగా గడిపినవాణ్ణి. గని ప్రమాదాల నుంచి రైలు కింద పడ్డవాళ్ల దాకా ఎన్ని చావులు రాశానో గుర్తు లేదు. చచ్చిపోయాడనుకున్న మనిషి ఎదురుగా కూర్చొని పలకరిస్తే ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. అమ్మమ్మ చేతులు సడలి హారం జారి, అంగడి కడిగిన నీళ్లల్లో పడింది.

"అయ్యో దేవుడా! నువ్వు ఉండావా అన్నా?"

"ఉండక యాడికి పోతానమ్మా? నిన్న గూడా ఈడనే ఉండాను" అన్నాడాయన. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. హారం ఎందుకో, ఎవరికో ఆయనకు అర్థమైంది.

ఈ రెండు ఇళ్లకీ నాకూ ఉన్న సంబంధం చెప్పాలి. ఈ ధాన్యం అంగడాయన నాకు చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. అమ్మమ్మది కేజీఎఫ్‌లో మేము పుట్టి పెరిగిన లైను, గని పనివాళ్ల ఇళ్ల వరస. మా నాయన, ఆమె భర్త చిత్తూరు పక్కనుంచి ఒకే కాలంలో గనికి వచ్చినవాళ్లు. ఆమె కూతురు బెంగుళూరులో ఉద్యోగం చేస్తుంది. ఈయన కొడుకు అక్కడే కాలేజీకి పోయే రోజుల్లో ఇద్దరిదీ పొద్దుటి రైలు. రైల్లో కలుసుకున్నారు. కులం వేరు, ఇల్లు వేరు, అలవాట్లు వేరు. పెద్దవాళ్లు ససేమిరా అంటే, రెండు గడపలూ ఎక్కి దిగి ఒప్పించింది నేను. అందుకే వాళ్లు విడిపోయినప్పుడు ఇద్దరూ నా గడపే ఎక్కారు.

విడాకుల కేసు ఇంకా నడుస్తోంది. వాళ్ల బిడ్డ, ఈ పాప, తల్లి దగ్గర ఉండాలని, రెండో శనివారం, నాలుగో శనివారం తండ్రి దగ్గరికి పోవాలని కోర్టు చెప్పింది. పండగలు, వరస సెలవులు మాత్రం 'పరస్పర అంగీకారంతో' పంచుకోమంది. ఆ రెండు మాటలు రాసిన జడ్జిగారికి ఈ రెండు ఇళ్ల సంగతి తెలియదు. తల్లి తెల్లవారకముందే రైలెక్కి, పాప రాత్రి అన్నం తినే వేళకు తిరిగొస్తుంది. తండ్రికి శనివారం అంగట్లో తల ఎత్తే తీరిక ఉండదు. పాప ఆ శనివారాలన్నీ మూటల మధ్య కూర్చొని హోంవర్కు రాసుకుంటుంది. ఆమెకైనా ఆయనకైనా బిడ్డతో నింపాదిగా గడపడానికి దొరికేది పండగ సెలవులే. ఆ సెలవుల కోసమే కొట్లాట.

మొదటి ఏడు ఆ కొట్లాటలన్నీ బంగారుపేట స్టేషన్లో జరిగాయి. పాపను అప్పజెప్పేది అక్కడే. ఒక ఉగాదికి వంతెన మెట్ల మీద పాప చేయి ఒకటి తల్లి పట్టుకుంది, సంచి తండ్రి పట్టుకున్నాడు. రైలు దిగిన జనం వాళ్లను తప్పించుకొని పోతూ నావైపు చూశారు, వీళ్లను తీసుకొచ్చింది నేనే అన్నట్టు. అప్పట్నుంచి నేను ఏడాది మొదట్లోనే ఇద్దరితో విడివిడిగా కూర్చొని, ఏ పండగ ఎవరిదో మాట్లాడి పెట్టడం మొదలుపెట్టాను.

పోయిన సంవత్సరం దసరా ముందర అంగడాయన భార్య, అంటే పాప నాన్నమ్మ, గుండెపోటుతో పోయింది. విడాకులు రాలేదు కాబట్టి లెక్క ప్రకారం పాప తల్లి ఆ ఇంటి కోడలే. మైల ఆమెకూ ఉంది. ఎవరూ పిలవకపోయినా వచ్చింది. మైల తీరేదాకా ఆ ఇంట్లోనే ఉంది. దసరా ఎవరింట్లో అని ఎవరూ అడగలేదు. నేను పోయినప్పుడు అందరూ నేల మీద వరసగా కూర్చొని తింటున్నారు. పాప తండ్రి మజ్జిగ చెంబు పట్టుకొని వంగి, భార్య విస్తట్లో పోస్తున్నాడు. ఆమె చేయి అడ్డం పెట్టి, చాలు అంది. అంత మాత్రం మాట వాళ్ల మధ్య విని చాలా కాలమైంది.

చావు జరిగిన ఇంట్లో సంవత్సరీకం అయ్యేదాకా పండగ చెయ్యరు. పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు, తోరణం కట్టరు. ఆ ఏడంతా దీపావళి, సంక్రాంతి, ఉగాది, వినాయక చవితి అన్నీ అడగకుండానే తల్లివైపుకు వచ్చేశాయి. పండగ లేని ఇంటికి బంధువులు పిండివంటలు పంపడం కూడా ఇక్కడి ఆనవాయితీ. తల్లి ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి క్యారియర్లో సర్దేది. పాప, అమ్మమ్మ రైల్లో తీసుకుపోయి ఇచ్చేవాళ్లు. రెండుసార్లు క్యారియర్ తిరిగిచ్చే నెపంతో తండ్రే లైను ఇంటికి వచ్చి, గడప దగ్గర స్టూలు మీద కూర్చొని కాఫీ తాగి పోయాడు. నా మధ్యవర్తిత్వం ఫలించిందనే అనుకున్నాను. స్నేహితులతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఈ దసరాకు ముందు సంవత్సరీకం అయిపోయింది. అది అయిన మూడో రోజే పాప తండ్రి ఫోన్ చేశాడు.

"అంకుల్, ఏడాది ఇల్లు చీకటిగా ఉండాది. మొదటి పండగ. ఆయుధపూజకు తక్కెడకి కుంకుమ పెట్టేదానికి ఇంటి ఆడబిడ్డ ఉండల్ల గదా. మా అమ్మ పెడతా ఉండింది. ఇంగ పాపే పెట్టల్ల. సెలవు మూడు దినాలూ పాప మాకే."

తల్లి వినలేదు. "పెద్దనాయనా, మా నాయన గని టోపీకి, ల్యాంపుకి కుంకుమ పెట్టేది గూడా పాపే. అది నేర్పించింది ఎవురు? నేను. ఏడాదికి నాకు దొరికేదే ఈ మూడు దినాలు. ఏడాదంతా నేను వండి పంపిస్తే తిన్నారు గదా, ఇప్పుడు పండగ రాంగానే పిల్ల వాళ్లదైపోయిందా?"

ఒక వారం నా ఫోన్ చల్లబడలేదు. తల్లి నాతో స్పీకరులో మాట్లాడేది, చేతులకు పని ఉంటుంది కాబట్టి. ఆ ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. పాప ఎక్కడ కూర్చున్నా అన్నీ వినబడతాయి. ఆ సంగతి మా ఎవరికీ తట్టలేదు. చివరకు ఆయుధపూజ తండ్రి ఇంట్లో అని, విజయదశమి మధ్యాహ్నానికి పాపను వెనక్కి తేవాలని ఒప్పించాను. పూజ ముందురోజు సాయంత్రం తండ్రి వచ్చి తీసుకుపోవాలి.

ఆ రోజే పొద్దున అమ్మమ్మ చెప్పులు కూడా లేకుండా మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"పేపరన్నా! బంగారుపేట అన్న పోయినాడంట! పాపకి వాళ్ల నాయన ఫోన్ చేసి చెప్పినాడంట. నేను పెరట్లో ఉండాను, పాపే ఎత్తింది."

నేను అంగడాయనకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. కొడుక్కు చేశాను. అదీ అంతే. అంగడి కడుగుతూ ఇద్దరూ ఫోన్లు లోపల అల్మారాలో పెట్టారని తర్వాత తెలిసింది. చావు ఇంట్లో ఫోన్ ఎవరెత్తుతారులే అనుకున్నాను. ఇంటివాళ్ల నోట వినకుండా ఒక్క మరణవార్తనూ అచ్చుకు పంపని వాణ్ణి, ఆ పొద్దు ఐదో తరగతి పిల్ల మాట మీద చొక్కా తొడుక్కున్నాను. చావు గురించి పిల్లలు అబద్ధం చెబుతారని ఊహకైనా రాలేదు.

కూతురికి అమ్మమ్మే ఫోన్ చేసింది. ఆమె ఆఫీసు నుంచి అట్నుంచటే బయలుదేరి మధ్యాహ్నం రైలుకు బంగారుపేటలో దిగుతానంది. మేము ఆటో మాట్లాడుకున్నాం. మార్కెట్లో హారం కొన్నాం. పండగ గిరాకీ, పూల అంగళ్ల దగ్గర అడుగు పెట్టడానికి సందు లేదు. పూలమ్మే ఆమె ఏ బండికని అడిగింది. మనిషికి అని అమ్మమ్మ చెప్పగానే, బేరం ఆడకుండా పెద్ద హారం తీసి ఇచ్చింది.

దారంతా అమ్మమ్మ ఏడుస్తూనే ఉంది. బంగారం తీసేసిన గని మట్టి పోసిన సైనైడు దిబ్బలు వెనక్కి పోయాయి. పాప ఇద్దరి మధ్యా కూర్చొని ముందుకు చూస్తోంది. ఏడవలేదు. షాక్‌లో ఉందనుకున్నాను. ఒక్కసారి మాత్రం అడిగింది.

"పేపర్ తాతా, అమ్మ నేరుగా అక్కడికే వస్తుంది గదా?"

"వస్తుందమ్మా."

"మైల అయిపోయేదాకా ఉంటుంది గదా?"

ఉంటుందన్నాను. బిడ్డ భయపడుతోందని తల నిమిరాను.

ఇక అంగడి మెట్ల దగ్గరికి వస్తాను. మా గొంతులు విని పాప తండ్రి చీపురుతో బయటికి వచ్చాడు. హారం చూసి, సంగతి విని, మొహం ఎర్రబడింది.

"నేను ఫోన్ చేసినానా? ఎప్పుడు చేసినాను? అత్తా, ఇది మీ నాటకం. చావు అంటే పండగ ఉండదు, పిల్లను పంపించే పని ఉండదు. అంతే గదా? దానికి మా నాయనే దొరికినాడా మీకు?"

"నోరు కడుక్కో అప్పా! ఇట్లాంటి మాట ఎవురైనా పుట్టిస్తారా? నా బిడ్డ మీద ఒట్టు. పాపకి ఫోన్ వచ్చింది."

"యాడుంది చూపియ్యి ఆ ఫోను!"

ఆమె ఫోన్ నాకిచ్చింది. చూశాను. పొద్దున్నుంచి ఆ నంబరుకు ఎవరూ చెయ్యలేదు. అదే మాట చెప్పాను. బజారులో పక్క అంగళ్ల వాళ్లు కూడా పని ఆపి చూస్తున్నారు. అప్పుడు పాప అమ్మమ్మ కొంగు వదిలి ముందుకు వచ్చింది.

"నేనే చెప్పినా."

అంగడాయన చేతిలో పళ్లెం పక్కన పెట్టాడు. "ఏం చెప్పినావమ్మా?"

"నువ్వు చచ్చిపోయినావని."

"ఎందుకు?"

పాప తడబడలేదు. లెక్క అడిగితే జవాబు చెప్పినట్టు చెప్పింది. "నాన్నమ్మ చచ్చిపోయినప్పుడు అమ్మ ఈడికే వచ్చి ఉండింది. నాన్న అమ్మకి మజ్జిగ పోసినాడు. ఆ సంవత్సరం ఏ పండక్కీ ఎవురూ కొట్లాడలేదు. సంవత్సరం అయిపోంగానే మళ్లీ మొదులు పెట్టినారు. ఇంగొగరు చచ్చిపోతే ఇంగో సంవత్సరం ఉంటుంది గదా."

పాప తండ్రి చేతిలోని చీపురు నీళ్లలో పడిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఏడాదిగా నా ఘనత అని నేను అనుకున్నది ఒక ముసలామె చావు. ఆ సంగతి మా అందరిలో ఈ పిల్ల ఒక్కతికే తెలుసు.

"దానికి తాతనే ఎందుకు చెప్పినావే?" అంది అమ్మమ్మ, ఏడుపు గొంతుతో.

"తాతైతే ఏమీ అనుకోడని."

అంగడాయన పాపను దగ్గరికి లాక్కోబోయి, చేతులు చింతపండు రసంతో ఉన్నాయని ఆగి, ఆ చేతులతోనే లాక్కున్నాడు. "ఏమీ అనుకోను లేమ్మా" అన్నాడు.

ఆ సమయానికే స్టేషన్ వైపు నుంచి పాప తల్లి వచ్చింది. ఆఫీసు బ్యాడ్జి మెడలో అలాగే ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. మామను చూసి నడిరోడ్డులో నిలబడిపోయింది. ఆ తర్వాత పరుగెత్తుకొచ్చి ఆయన కాళ్ల మీద పడి గట్టిగా ఏడ్చింది. రైల్లో ఏడవకుండా దాచుకున్నదంతా ఏడ్చింది. ఆమె కోడలిగా ఉన్న రోజుల్లో ఆయన ఆమెకు చెరుకుముక్కలు కోసి ఇచ్చేవాడు. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

జరిగింది, స్పీకరు ఫోన్ల సంగతితో సహా, నేనే చెప్పాను. ఆమె అరుగు మీది రాగుల మూట మీద కూలబడింది. పాపను దగ్గరికి పిలిచింది, కొట్టడానికని అనుకున్నాను. కొట్టలేదు. జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది, ఏం చెయ్యాలో తోచని మనిషిలా.

పాప తండ్రి లోపలికి పోయి కాఫీ తెచ్చాడు. భార్యకు కూడా గ్లాసు అందించాడు. ఆమె తీసుకుంది. రేపు పూజకని తెచ్చిపెట్టిన బూడిద గుమ్మడికాయను కొడుకు అంగడాయన చుట్టూ తిప్పి ఆ రోజే పగలగొట్టాడు. చావు కబురు పుట్టినవాడికి ఆయుస్సు పెరుగుతుందిలే అని పక్కంగడి శెట్టి ఓదార్చాడు. అందరం కొంచెం నవ్వాం. ఇంతటి దెబ్బ తర్వాత వీళ్లకు బుద్ధి వస్తుందని నేను నిజంగా నమ్మాను. ఆ నమ్మకం కాఫీ చల్లారేదాకా కూడా నిలవలేదు.

"సరే, సాయంత్రం నేను రావాల్సిన పని తప్పింది" అన్నాడు పాప తండ్రి. "పాప ఎట్లాగూ వచ్చేసింది గదా. ఈడనే ఉండనీ."

"ఉండనీ అంటే? బట్టలు గూడా తేలేదు. దాని మనసు బాగాలేదు. ఈ పొద్దు నాతో తీసుకుపోతాను."

"రేపు పూజ! ఒప్పుకున్నావా లేదా? అంకుల్, మీరే చెప్పండి, ఒప్పుకుందా లేదా?"

"ఒప్పుకున్నప్పుడు బిడ్డ ఇట్లా ఉంటుందని తెలుసా? దాని నోట్లో ఆ మాట వచ్చేదానికి మీ మూడు దినాల గోల కాదా?"

"నీ స్పీకరు ఫోను గోల కాదా?"

అమ్మమ్మ కూతురి వైపు చేరింది. గొంతులు లేచాయి. నేను మధ్యలో ఏవో మాటలు చెబుతూ పాప వైపు చూశాను. సగం అల్లిన జడతో మూట పక్కన నిలబడి, ఒక్కొక్కరి మొహం మార్చి మార్చి చూస్తోంది. ఆశ్చర్యం లేదు, ఏడుపు లేదు. తన లెక్క సరిపోయింది. తాత బతికున్నాడని తేలిన గంటలోపే కొట్లాట తిరిగొచ్చింది. పొద్దున విన్న అబద్ధం కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ పిల్ల చూపు.

అంగడాయన లేచాడు. "ఆపండప్పా" అన్నాడు. ఎవరూ ఆపలేదు. ఆయన నావైపు తిరిగి, "ఇంగ కొంచేపు చచ్చినట్టే ఉండింటే బాగుండేది పేపరప్పా, తొందరపడి పలకరిస్తిని" అన్నాడు. హాస్యానికి అన్నాడో లేదో నేను ఇప్పటికీ చెప్పలేను. కొట్లాడేవాళ్లు మాత్రం ఆ మాటకు ఆగారు.

ఆ ఆయుధపూజకు తక్కెడకు కుంకుమ ఎవరూ పెట్టలేదు. ఆయన చెయ్యనివ్వలేదు. రుద్దిన పళ్లేలను గోడకు బోర్లించి, అంగడి మూసి, పాప చేయి పట్టుకొని మాతోపాటు కేజీఎఫ్ రైలెక్కాడు. లైను ఇంట్లో ఒక రాత్రి పడుకొని, తెల్లారి గని టోపీకి పాప కుంకుమ పెడుతుంటే పక్కన నిలబడి చూసి, వెనక్కి పోయాడు. కొడుకు ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదట. నీళ్లలో పడిన హారాన్ని ఎవరు తీశారో, ఎక్కడ వేశారో తెలియదు. దేవుడికి వెయ్యలేరు, మనిషికీ వెయ్యలేరు.

ఇప్పుడు ఆయన రోజూ పొద్దున పాప స్కూలుకు పోయే ముందు ఫోన్ చేస్తాడు. "బతికే ఉండానమ్మా" అంటాడు. పాప "సరే తాతా" అంటుందట. అంతకు మించి ఆ రోజు గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. తప్పయిందని అనలేదు. అనమని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. పాపను ఎవరైనా డాక్టరుకు చూపిద్దామని నేనంటే, చూపించాల్సింది నిన్ను అని ఇద్దరూ ఒకరినొకరు అనుకున్నారు. ఆ మాట అక్కడే ఆగింది.

దీపావళి దగ్గరకొచ్చింది. వారాంతంతో కలిసి వరసగా సెలవులు. నిన్న పొద్దున తల్లి ఫోన్ చేసింది, ఈసారి స్పీకరు లేకుండా, ఇంటి బయటికి వచ్చి. సాయంత్రం తండ్రి చేశాడు. ఇద్దరూ ఆ సెలవులన్నీ కావాలన్నారు. నేను ఇద్దరికీ ఇంకా జవాబు చెప్పలేదు.